చెరువంతా ఒకే లోతైతే కొంగ ఎక్కడ నిలబడాలి?

ఆంధ్రప్రదేశ్‌లోని పక్షుల అభయారణ్యం నేలపట్టు చెరువులో నీళ్లలో మునిగి నిలిచే ఒక్క కడప చెట్టును కాసేపు గమనించండి. పైకొమ్మల మీద గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు ఉంటాయి. వాటికి దిగువన తెల్ల కంకణం పక్షులు, నీటికాకులు. ఇంకా కింద ఆకుల చాటున రాత్రి కొంగలు. అలాగని అవి సామరస్యంగా బతుకుతున్నాయనుకోకూడదు. పక్క గూట్లోంచి పుల్ల ఎత్తుకుపోవడం, ముక్కులతో పొడుచుకోవడం రోజూ ఉండేవే. అయినా ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండితే చాలు, అన్నీ అక్కడికే చేరతాయి. చెట్టు మొదట్లో నీళ్లుంటే నక్కలు, అడవి పిల్లులు దగ్గరికి రావడం కష్టం. పిల్లలు దక్కుతాయన్న భరోసా కోసమే ఈ ఇరుకును ఓర్చుకుంటాయి.

గూటి దగ్గర సరే, తిండి దగ్గర ఎలా కుదురుతుంది? నా దృష్టిలో అసలు విషయం ఇదే.

నత్తగుల్ల కొంగ ముక్కు మూసుకున్నా మధ్యలో సందు కనిపిస్తుంది. పిల్లలకు ఆ సందు ఉండదు, పెరిగేకొద్దీ ఏర్పడుతుంది. కింది ముక్కు కొనను నత్త మూత పక్కగా దూర్చి, గుల్లను పట్టుకున్న కండను కోసి, మాంసాన్ని బయటికి లాగేస్తుంది. ఎర్రకాళ్ల కొంగది మరో పద్ధతి. తక్కువ లోతు నీళ్లలో ముక్కు సగం తెరిచి ముంచి, అటూ ఇటూ ఆడిస్తూ నడుస్తుంది. కాలితో బురదను కదిలిస్తుంది. చేప ముక్కుకు తగిలిన క్షణంలోనే అది మూసుకుంటుంది. కంటితో వెతకాల్సిన పని లేదు కాబట్టి బురద నీళ్లైనా దానికి ఇబ్బంది లేదు. నారాయణపక్షి మాత్రం కదలకుండా నిలబడి, చూసి పొడుస్తుంది. తెల్ల కంకణం ఒడ్డు బురదలో గుచ్చి వెతుకుతుంది. నీటికాకి లోతుకు మునుగుతుంది. పగటి కొంగలు గూళ్లకు తిరిగొచ్చే వేళకు రాత్రి కొంగ వేటకు బయల్దేరుతుంది.

అమెరికా ఈశాన్య ప్రాంతపు స్ప్రూస్ అడవుల్లో ఐదు రకాల వార్బ్లర్ పిట్టలు ఒకే చెట్టును ఇలాగే భాగాలుగా వాడుకుంటున్నాయని 1958లో పర్యావరణ శాస్త్రవేత్త రాబర్ట్ మెకార్థర్ చూపించారు. ఏ జాతులు కలిసి ఉండగలవో పోటీయే చాలావరకు తేలుస్తుందని న్యూగినీ దగ్గరి దీవుల పక్షుల ఆధారంగా 1975లో మరో శాస్త్రవేత్త జారెడ్ డైమండ్ వాదించారు. అలాంటి అమరికలు యాదృచ్ఛికంగానూ రావచ్చని 1979లో కానర్, సింబర్లాఫ్ ఎదురు ప్రశ్న వేశారు. ఆ చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. మన చెరువుల విషయంలో మాత్రం పోటీ గురించి మాట్లాడే ముందు అడగాల్సింది ఇంకొకటుంది: ఇన్ని రకాలుగా పంచుకోవడానికి అక్కడ ఇన్ని లోతులున్నాయా?

కట్ట వైపు లోతుగా ఉండి, శిఖం (కట్టకు ఎదురుగా నీరు పరుచుకునే నేల) వైపు మెల్లగా పల్చబడుతూ పోయే పాత చెరువులో ఈ పక్షులన్నింటికీ చోటుంది. నీరు తగ్గుతున్నకొద్దీ కొత్త బురద బయటపడి, నెల నెలా తినే చోటు మారుతుంది. చేపల చెరువు అలా ఉండదు. గట్టు నిటారుగా ఉంటుంది, లోపల ఎటు చూసినా దాదాపు ఒకటే లోతు. నీటికాకికి అది చాలు. కాళ్ల మీద నిలబడి తినే కొంగకు మాత్రం అడుగు ఆనదు. పైగా చేపలు తినేస్తున్నాయని పక్షులను తరిమే కాపలా ఒకటి. కొల్లేరులో జరిగింది చాలావరకు ఇదే. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. అయినా సరస్సును చేపల గట్ల నుంచి విడిపించే పని ముగియలేదు.

కొల్లేరు దగ్గరి ఆటపాకలో గూళ్ల కోసం ఇనుప స్టాండ్లు పాతారు, గూడబాతులు వాటిని వాడుకుంటున్నాయి. మంచి పనే. కానీ స్టాండు గూటికి ఆధారం ఇస్తుంది, పిల్ల నోటికి తిండి ఇవ్వదు. ఆ తిండి చుట్టుపక్కల చెరువులు, కాలువలు, వరి మడుల నుంచే రావాలి. నేలపట్టు పక్షులు కూడా పులికాట్ సరస్సు దాకా వెళ్లి మేస్తాయి. అభయారణ్యం హద్దు గీసి, గూళ్లున్న చెట్లను కాపాడి, మేత నేలను వదిలేస్తే మనం కాపాడింది సగమే.

చెరువుల్లో పూడిక తీయొద్దని నేననడం లేదు. తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ కింద వేల చెరువులు బాగుపడ్డాయి, ఆ నీరు రైతుకు కావాలి. తీసే పద్ధతి గురించే నా అభ్యంతరం. కట్ట దగ్గర, తూము దగ్గర లోతు చేయండి. శిఖం వైపు వాలును మాత్రం జేసీబీతో నిటారుగా చెక్కేయకండి. చేపల హక్కు వేలం వేసే ఊళ్లలో ఆ వాలును ముట్టుకోకూడదన్న షరతును ఒప్పందంలోనే రాయాలి. ఏటా జనవరిలో నీటి పక్షుల గణనకు వచ్చే వాలంటీర్లు ఏ పక్షులు ఎన్ని ఉన్నాయో రాసుకుంటారు. వాళ్ల చేతికి ఒక కొలకర్ర కూడా ఇచ్చి, కొంగలు మేస్తున్న చోట నీరెంత లోతుందో రాయిస్తే, వచ్చే ఏడాది ఏ చెరువులో ఎంతవరకు తవ్వొచ్చో ఇంజినీరుకు ముందే తెలుస్తుంది.