సింగిల్ ఓనర్ బండి

ఆన్‌లైన్ బేరాల్లో పేరుమోసిన ఒక సైటు చరిత్రే పాడైపోయిన వస్తువుతో మొదలైంది. 1995లో పియర్ ఒమిడ్యార్ ఒక వేలం సైటు పెట్టాడు. తర్వాత అదే ఈబే అయింది. అందులో మొట్టమొదట అమ్ముడైంది పనిచేయని లేజర్ పాయింటర్. "ఇది పాడైందని చూశారా?" అని కొన్నాయన్ని అడిగితే, "నేను పాడైనవే సేకరిస్తాను" అని జవాబొచ్చిందట. ఆ మహానుభావుడికీ మా బావగారికీ ఎక్కడో చుట్టరికం ఉండే ఉంటుంది. కాకపోతే ఆయన తెలిసి కొన్నాడు.

బావగారు ఇల్లూ కారూ రెండూ ఫోనులోనే వెతికి చవగ్గా కొట్టేయాలని నిశ్చయించుకున్నారు. ధర తక్కువ, గదులు ఎక్కువ, కట్టి ఎన్నాళ్లో కాకూడదు, ఆఫీసు పక్కనే ఉండాలి అని ఫిల్టర్లన్నీ నొక్కారు. "ఫలితాలు లేవు" అని వచ్చింది. ఒక్కో ఫిల్టరూ తీసేస్తూ పోయారు. చివరికి ధర ఒక్కటే మిగిలింది. అప్పుడు వచ్చిన వాటిని ఇళ్లు అనడానికి కొంత పెద్దమనసు కావాలి.

ఇళ్ల కథ తొందరగా చెప్పేస్తాను, తొందరగానే ముగిసింది కాబట్టి. ఫోటోలో మైదానంలా ఉన్న హాలు వైడ్ యాంగిల్ లెన్సు మహిమ. వెళ్లి చూస్తే సోఫా ఉంటే మనిషికి చోటు లేదు, మనిషి ఉంటే సోఫాకి లేదు. పైగా ఫోటోలోని ఆ సోఫా కూడా కంప్యూటర్‌లో అతికించిందే. అయినా అది కంటికి కనబడిన ఇల్లు, అదే గొప్ప. చాలా వాటికి ఫోన్ చేస్తే, "అయ్యో, నిన్ననే అయిపోయింది సార్. అలాంటిదే ఇంకోటుంది, కాస్త ఎక్కువవుతుంది" అన్నారు. ఎప్పుడో అమ్ముడుపోయిన ఇల్లు ప్రకటనలో మాత్రం చవగ్గా బతికే ఉంటుంది. దాని పని మనకి ఇల్లు చూపించడం కాదు, మన ఫోన్ నంబరు రాబట్టడం. బావగారు నంబరిచ్చారు. ఆ రోజు నుంచి ఆయన ఫోను ఆయనది కాకుండా పోయింది. ఒకే ఇంటిని ముగ్గురు బ్రోకర్లు మూడు ధరలకు చెబితే, ముగ్గురికీ పోటీ పెట్టి ధర దించుతున్నానని ఈయన మురిసిపోయారు. ఆ ముగ్గురూ ఒకే గదిలో పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటారని తర్వాత తెలిసింది.

ఇక కారు. అంతకు కొన్ని నెలల ముందే బావగారు తన పాత కారును ఆన్‌లైన్లోనే, "మీ కారు నిమిషాల్లో అమ్మండి" అన్నవాళ్లకు అమ్మేశారు. నిమిషాల్లోనే అమ్మారు. మిగతా జీవితమంతా తక్కువకిచ్చేశానని బాధపడుతున్నారు. ఆ నష్టం కొత్త బేరంలో పూడ్చుకోవాలని పట్టుదల.

ఒక రాత్రి ఒక ప్రకటన దొరికింది. సింగిల్ ఓనర్. తక్కువ తిరిగిన బండి. అపురూపంగా చూసుకున్నది. పాత ధర కొట్టేసి, పక్కన ఎర్రక్షరాల్లో కొత్త ధర. ఆ కొట్టేసిన ధరకి ఎవరైనా ఎప్పుడైనా కొన్నారా అని అడిగే ఓపిక ఎవరికుంటుంది? కింద "ప్రస్తుతం నలుగురు ఈ కారును చూస్తున్నారు" అని ఉంది. బావగారికి టెన్షన్ పట్టుకుంది. నాకు ఫోన్ చేసి, "నువ్వూ ఓపెన్ చెయ్యవోయ్, ఆ నలుగురెవరో తెలుస్తుందేమో" అన్నారు. చేశాను. ఐదుగురయ్యారు. ఆరా తీస్తే ఆయన అదే ప్రకటనను తన ఫోనులో, ల్యాప్‌టాప్‌లో, ట్యాబ్‌లో, అక్క ఫోనులో తెరిచి పెట్టుకున్నారు. ధర తగ్గితే చెప్పమని అలర్ట్ కూడా పెట్టుకున్నారు.

నేను ఆయనకు ఆకర్లాఫ్ సంగతి చెప్పాను. 1970లో జార్జ్ ఆకర్లాఫ్ అనే అర్థశాస్త్రవేత్త పాత కార్ల బేరాన్ని ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం రాశారు. బండి లోపాలు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు ఎందుకైనా మంచిదని తక్కువకే అడుగుతాడు. ఆ ధరకి మంచి బండి ఉన్నవాడు అమ్మడు. చివరికి బజారులో మిగిలేవి డొక్కులు. ఈ తరహా ఆలోచనకే 2001లో ఆయనకు, మరో ఇద్దరితో కలిపి, నోబెల్ ఇచ్చారు. బావగారు అంతా విని, "ఆయన కాలంలో యాప్ లేదుగా" అన్నారు.

మర్నాడు అక్కనీ నన్నూ వెంటబెట్టుకుని బయల్దేరారు. వీడియోలు చూసి తయారైన మనిషి. జేబులో అయస్కాంతం, ఎందుకంటే డెంట్ మీద లప్పం పెట్టి రంగు వేస్తే అక్కడ అయస్కాంతం అంటుకోదు. చేతిలో టార్చి. కారు మెరిసిపోతోంది. నంబరు ప్లేటు మీద అమ్మేవాళ్ల పేరున్న అట్ట అతికించి ఉంది. బావగారు చుట్టూ తిరిగి అయస్కాంతం అంటించారు. ఛాసిస్ నంబరులోని 17 అక్షరాలూ అంకెలూ పైకి చదివి, "ఇందులో ఐ, ఓ, క్యూ ఉండవు, ఒకటీ సున్నా అనుకుంటారని" అని మాకు పాఠం చెప్పారు. టైరు మీది నాలుగంకెలు వెతికి పట్టుకుని, "2319. అంటే 2019లో 23వ వారం తయారైంది. మనమూ ఆ ఏడాదే కదూ టైర్లు మార్పించింది?" అన్నారు. అక్క అవునంది. ఇద్దరూ ముందుకు సాగిపోయారు.

మీటరు చూస్తే తిరిగింది చాలా తక్కువ. బ్రేకు పెడల్ రబ్బరు మాత్రం అరిగి నున్నగా ఉంది. ల్యాప్‌టాప్ తగిలించి మీటరు అంకెలు వెనక్కి తిప్పగల మొనగాళ్లున్నారు గానీ, పెడల్‌కి వయసు తగ్గించగలవాడు ఇంకా పుట్టలేదు. అదే నేనంటే, "డ్రైవరు కాలు బరువై ఉంటుందోయ్" అని బావగారు కొట్టిపారేశారు.

అప్పుడు అమ్మే కుర్రాడు ఎడమవైపు వెనక తలుపు తెరవబోయాడు. రాలేదు. లాగాడు, గుంజాడు. "కొత్తది కదా మేడమ్, టైట్‌గా ఉంది" అన్నాడు. అక్క వాణ్ని పక్కకి జరగమని, హ్యాండిల్ కాస్త పైకెత్తి, మోకాలితో కింద చిన్నగా తట్టింది. తలుపు వచ్చేసింది.

"మీకెలా తెలుసు మేడమ్?" అన్నాడు కుర్రాడు.

అక్క జవాబు చెప్పలేదు. వంగి సీటు కింద చెయ్యి పెట్టి, మా మేనల్లుడు ఎప్పుడో పోగొట్టిన లెక్కల పుస్తకం బయటికి తీసింది. మేం గుర్తుపట్టకపోవడానికి కారణం ఒకటే. ఆ కారు కడిగితే ఆ రంగులో ఉంటుందని ఇంట్లో ఎవరికీ తెలియదు.

బావగారు మీటరు వంక మళ్లీ చూశారు. "మేం అమ్మినప్పుడు ఇంతకు రెట్టింపు ఉండేదే!"

కుర్రాడు బెదరలేదు. "అయితే బండి సంగతి మీకు తెలిసిందే సార్. టెస్ట్ డ్రైవ్ కూడా అక్కర్లేదు."

"అక్కర్లేదు. అందుకే, పాత ఓనర్ని కాబట్టి ఏమైనా తగ్గిస్తారా?" అన్నారు బావగారు. నేను అక్క వైపు చూడలేదు. చూసే ధైర్యం చాలలేదు.

"ఏవండీ, ముందు దీన్ని మనం ఎందుకు అమ్మామో ఆయనకు చెప్పండి" అంది అక్క.

బావగారు చెప్పడం మొదలుపెట్టారు. రెండో గేరు, వాన పడితే కాళ్ల దగ్గర నిలిచే నీళ్లు, ఎత్తు ఎక్కేటప్పుడు వచ్చే పొగ. ఆకర్లాఫ్ గారి లెక్క అక్కడ తలకిందులైంది. కొనేవాడికి అంతా తెలుసు, అమ్మేవాడు నోరు తెరుచుకుని వింటున్నాడు. "ఏసీ కూడానా సార్?" అన్నాడు నీరసంగా. "ఏసీ బాగానే ఉండేది. ఎండాకాలం తప్పిస్తే" అన్నారు బావగారు.

ఆ రాత్రి పొద్దుపోయాక నాకు ఆయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నారు, అక్క పక్కగదిలో ఉన్నట్టుంది.

"పడుకున్నావా? అలర్టొచ్చింది. ధర ఇంకా తగ్గించారోయ్!"