7 ఏహెచ్ బ్యాటరీ గారికి బహిరంగ లేఖ

కరెంటు పోయినప్పుడు అలారాన్ని నడిపే మహారాజశ్రీ 12 వోల్టుల 7 ఏహెచ్ (యాంపియర్-అవర్, అంటే ఎన్ని యాంపులు ఎన్ని గంటలు ఇవ్వగలరో చెప్పే కొలత) సీల్డ్ బ్యాటరీ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఎనుమాముల పత్తి గోదామైనా, హన్మకొండ బంగారం షాపైనా, కాజీపేట మెడికల్ షాపైనా అలారం డబ్బా మూత తీస్తే లోపల తమరే. గోదాం ఎంత, సెన్సర్లు ఎన్ని అని అడిగిన నాథుడు లేడు. డబ్బాలో పట్టారు, అంతే అర్హత. ఇంత సులువుగా కొలువు దొరికినవాళ్లు వరంగల్‌లో ఇంకెవరూ ఉండరు.

ఒక మాదిరి గోదాం లెక్క చూద్దాం. ప్యానెల్‌కు (అలారాన్ని నడిపే బోర్డుకు) 80 మిల్లీయాంపులు, రెండు కీప్యాడ్లకు 60, ఎనిమిది మోషన్ సెన్సర్లకు తలా 15 చొప్పున 120, ఫోన్ కొట్టే డయలర్‌కు సగటున 50. మొత్తం 310. (రెండు వైర్ల పొగ డిటెక్టర్ల మీద నింద వేయకండి, పది పెట్టినా వాటి వాటా అటూ ఇటూగా ఒక మిల్లీయాంపు.) దొంగా రాక, పొగా లేక ఊరికే కూర్చుంటేనే ఇంత ఖర్చు. కరెంటు పోయాక 24 గంటలు నిలవాలంటే 0.31 యాంపులు ఇంటూ 24, అంటే 7.44 ఏహెచ్. తమరి కడుపులో ఉన్నదంతా ఊడ్చిపెట్టినా చాలదు, హూటర్ (సైరన్) ఇంకా నోరే తెరవలేదు!

అది తెరిస్తే? రెండు హూటర్లకు తలా 600, పై 310తో కలిపి 1.5 యాంపులు. అరగంట అరవాలంటే 0.75. కూడితే 8.2. వయసు మీదపడితే సత్తువ తగ్గుతుంది కాబట్టి 1.25తో గుణిస్తే 10.25. ఆపైన దొరికే సైజు 12 ఏహెచ్. పైగా మీ చొక్కా మీద అచ్చేసుకున్న ఆ 7 కూడా 350 మిల్లీయాంపుల చొప్పున 20 గంటలు నింపాదిగా వాడితే వచ్చేది. ఒక్కసారిగా 1.5 యాంపులు లాగితే అంత రాదు.

మీ అన్నగారు 12 ఏహెచ్ పొడవూ ఎత్తూ దాదాపు మీవే. వెడల్పే 65 మిల్లీమీటర్ల బదులు 98. ఆ 33 మిల్లీమీటర్లు డబ్బాలో లేవని కోట్ల పత్తిని తమరి చేతిలో పెట్టారు.

ఫైర్ ప్యానెళ్లలో తమరు జంటగా దర్శనమిస్తారు. రెండు ఏడులు పద్నాలుగని కొటేషన్‌లో రాసేవాళ్లకు దండం. సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపితే, వోల్టులు 24 అవుతాయి, ఏహెచ్ మాత్రం ఏడు దగ్గరే ఉంటుంది. ఆ జంటలో ఒకరు పోతే ఒకరినే మార్చే పొదుపరులు కూడా ఉన్నారు. పాతాకొత్తా చార్జింగ్‌ను సమంగా పంచుకోవు. ఒకటి పొంగుతుంది, ఒకటి అరకడుపుతో మిగులుతుంది. మారిస్తే రెండూ మార్చాల్సిందే.

ఇక ఎండాకాలం. రేకుల షెడ్డులో 45 డిగ్రీలు తమరికి శాపం. 25 దాటాక ప్రతి 10 డిగ్రీలకు ఆయుష్షు సగమవుతుంది. 25 దగ్గర 13.65 వోల్టులిచ్చే చార్జర్ 45 దగ్గర 13.3కి దిగాలి. చవక చార్జర్‌కు ఎండా తెలీదు, వానా తెలీదు, ఒకే తీరుగా పోస్తూనే ఉంటుంది. అలా పొట్ట ఉబ్బి, డబ్బాలోంచి బయటికి రాని బ్యాటరీలకు లెక్కలేదు.

తనిఖీ రోజున తమరి నటన చూడాలి! మీటర్ పెడితే 13.6. అది చార్జర్ గొప్ప, మీది కాదు. మెయిన్ స్విచ్ ఆపి, అరగంట ఆగి, హూటర్లు రెండూ మోగిస్తూ కొలవాలి. ఐదు నిమిషాల్లోనే 11.5 కిందికి జారితే రిటైర్మెంట్ కాగితాలు సిద్ధం చేసుకోండి. తమరిని డబ్బాలో పెట్టిన తేదీ ఒంటి మీద మార్కర్‌తో రాసి లేకపోతే ఆ కాగితాల్లో పుట్టినరోజు కూడా ఖాళీయే.

ఇట్లు,
డబ్బా మూత తీసి లెక్క కట్టినవాళ్లు

తా.క.: మీ ట్యాబ్ (వైరు క్లిప్పు తొడిగే రేకు) వెడల్పు 4.75 మిల్లీమీటర్లు, అన్నగారిది సాధారణంగా 6.35. మీ క్లిప్పును ప్లయర్‌తో సాగదీసి ఆయనకు తొడిగితే కొన్నాళ్లకు వదులై, వేడెక్కి, నల్లబడుతుంది. దిగిపోయేటప్పుడు క్లిప్పులు కూడా వెంట తీసుకెళ్లండి.