కీర్తిశేషులు పైథాన్ 2 గారికి ఒక విన్నపం

కంప్యూటరు ప్రోగ్రాములు రాసే భాష అయిన మహారాజశ్రీ పైథాన్ 2 గారికి,

తమరు 2020 జనవరి 1న కీర్తిశేషులయ్యారని తెలిసి కూడా ఈ ఉత్తరం రాయవలసి వచ్చినందుకు మన్నించగలరు. నిజానికి తమరి నిష్క్రమణకు మొదట పెట్టిన ముహూర్తం 2015. తమరిని నమ్ముకున్నవాళ్లు ఇంకా ఇల్లు మారలేదని దానిని అయిదేళ్లు వాయిదా వేశారు. ఆ గడువు కూడా దాటిపోయాక, 2020 ఏప్రిల్‌లో, 2.7.18 అనే చివరి సంచికను విడుదల చేయించుకుని మరీ సెలవు తీసుకున్నారు. పోయిన మూడున్నర నెలలకు సంతకం పెట్టగలిగినవారికి ఉత్తరం చేరదని అనుకోవడానికి నాకు కారణమేమీ కనబడలేదు.

విషయం ఇది. మా చిన్న తోటలోని మొక్కల వివరాలను నాకు ముందు ఈ బాధ్యత చూసినవారు ‘ఘిని’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి పెట్టారు. ఆ పాత కంప్యూటరు కాలం చేసింది, డేటా ఫైలు మాత్రం పెన్‌డ్రైవులో మిగిలింది. కొత్త కంప్యూటరులో ఉబుంటూ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ కొత్తది ఉన్నది కనుక, సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసి ఫైలు తెరిస్తే సరిపోతుందని పెద్దలు సెలవిచ్చారు.

ఘినిని నేను నిందించను. బెలీజ్ దేశపు వృక్షోద్యానం కోసం ‘బాబుల్’ అన్న పేరుతో పుట్టిన ఆ ప్రోగ్రాముకు తోట పని తెలుసు. కుటుంబం, ప్రజాతి, జాతి అన్న వరుసతో అది ఆగిపోదు. ఒకే విత్తనాల పొట్లం నుంచి మూడు మొక్కలు మొలిస్తే, పొట్లానికి ఒక అక్సెషన్ నంబరు (తోటలోకి వచ్చినదానికి ఇచ్చే నమోదు సంఖ్య), దాని కింద మూడు మొక్కలు, ఒక్కొక్కటి ఏ మడిలో ఉన్నదో ఆ జాడ విడిగా రాసుకుంటుంది. పేర్లు మారినా కంగారు పడదు. మన సోమిడ చెట్టుకు వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ స్వీటేనియా ఫెబ్రిఫ్యూగా అని పేరు పెడితే, తర్వాతివారు దానిని సోయ్మిడా ఫెబ్రిఫ్యూగా చేశారు. పాత పేరును పర్యాయంగా ఉంచుకుని కొత్త పేరుతో చూపించడం ఘినికి చేతనవును. తమరి భాషలో రాసిన ప్రోగ్రాము కనుక, దానికి చేతకానిదల్లా తమరు లేకుండా బతకడం.

ఇన్‌స్టాల్ చేసే విధానం కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. ఒక స్క్రిప్టును దించుకుని నడిపితే, అదే గిట్ అనే కోడ్ భద్రపరిచే సాధనం ద్వారా కోడ్ తెచ్చుకుని, విడిగా ఒక గది లాంటి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ కట్టుకుని, అందులో సంసారం పెడుతుంది. ఆచరణలో, టెర్మినల్‌లో ‘పైథాన్’ అని తమరి పేరు పెట్టి పిలిచిన మరుక్షణం ఉబుంటూ అటువంటి కమాండే లేదంటుంది. పోనీ ఉండేట్టు చేయవచ్చునా అంటే, ‘పైథాన్-ఈజ్-పైథాన్3’ అనే పేరుగల ప్యాకేజీ ఒకటి ఉన్నది. అది చేసేదల్లా, అన్నగారిని పిలిస్తే తమ్ముడైన పైథాన్ 3ను పంపడం. తమ్ముడు వచ్చీరాగానే పాత కోడ్‌లోని ప్రింట్ అనే ఆదేశం పక్కన కుండలీకరణాలు లేవని అలిగి కూర్చుంటాడు.

తమరిని పట్టుబట్టి రప్పించినా తమరి పరివారం రాదు. కిటికీలను, బొత్తాలను తెర మీద గీసి పెట్టే పైజీటీకేను ఉబుంటూ 20.04 నాటికే తొలగించారు. ఆ దెబ్బకు బొమ్మలు దిద్దే ప్రోగ్రాము గింప్ అంతటి ప్రసిద్ధ చిత్రకారుడే తన పైథాన్ ప్లగిన్లను పోగొట్టుకున్నాడు, మా తోట ఎంత. పైథాన్ సరంజామాను దించి పెట్టే పిప్ 2021 జనవరిలో తమరితో మాటలు మానేసింది. ఉబుంటూకు మూలమైన డెబియన్ 12లోనూ ఉబుంటూ 24.04లోనూ తమరి పేరే జాబితా నుంచి కొట్టేశారు. ఇక మిగిలిన దారి ఒక్కటే: కొత్త కంప్యూటరు లోపల వర్చువల్ మెషీన్ అనే ఉత్తుత్తి కంప్యూటరు ఒకటి నిలబెట్టి, అందులో ఉబుంటూ 18.04ను కూర్చోబెట్టి, తద్దినానికి పితృదేవతలను ఆవాహన చేసినట్లు తమరిని రప్పించడం. ఆ 18.04కు కూడా మామూలు మద్దతు 2023లోనే ముగిసింది కనుక, పిలిచే పురోహితుడూ పోయినవాడే. ఇంత తతంగమూ గన్నేరు ఏ మడిలో ఉన్నదో తెలుసుకోవడానికి.

పైగా తమరు వచ్చినా వేప పేరును తెలుగులో రాయగలమన్న ధీమా లేదు. అక్షరాలంటే ఇంగ్లీషు కోసం చేసిన ఆస్కీ అనే పట్టికలోని 128 మాత్రమేనని తమరి పుట్టుక నుంచి వచ్చిన నమ్మకం. ప్రోగ్రామరు ఏమరుపాటున బైట్లనూ, అన్ని లిపులకూ చోటున్న యూనికోడ్ పాఠాన్నీ కలిపాడో, తెలుగు మాటలోని మొదటి బైటు దగ్గరే తమరు కూలబడేవారు. 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉన్న రాక్స్‌బర్గ్‌కు తెలుగు మాతృభాష కాదు. అయినా ఇక్కడి చెట్లకు జనం పెట్టుకున్న పేర్లు అడిగి తెలుసుకుని, 1795లో వెలువడటం మొదలైన తన గ్రంథంలో అచ్చు వేయించాడు. ఆయనకు తోచిన మర్యాద తమరికి ఎందుకు తోచలేదో నాకు అంతుపట్టదు.

ఇక్కడ లూకా ఘిని గారిని తలుచుకోక తప్పదు. సాఫ్ట్‌వేర్ పేరు ఆయనదే. ఇటలీలో పీసా వృక్షోద్యానం 1544 ప్రాంతంలో ఆయన చేతుల మీదుగా మొదలైంది. మొక్కను ఒత్తి, ఎండబెట్టి, కాగితానికి అంటించి దాచుకునే పద్ధతిని శిష్యులకు నేర్పినవాడూ ఆయనే. ఆయన సొంత సేకరణ మనకు మిగల్లేదు. శిష్యుడు చెసల్పీనో 1563లో ముగించిన సంపుటం మాత్రం ఫ్లారెన్స్‌లో నేటికీ ఉన్నది, ఎవరైనా చూడవచ్చు. చూడటానికి ముందు పదహారో శతాబ్దపు జిగురును ఇన్‌స్టాల్ చేయమని ఆ కాగితాలు అడగవు.

ఈ ఆలోచనతోనే డేటా ఫైలును మరోసారి పరిశీలించగా ఒక సంగతి బయటపడింది. ఘిని మామూలుగా తన వివరాలను ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఫైలులో దాస్తుంది. ఆ ఫైలుకు తమరితో ఏ చుట్టరికమూ లేదు. ఎస్‌క్యూలైట్‌ను 2050 దాకా పోషించే ఉద్దేశంతో ఉన్నామని దానిని తయారు చేసినవారు చెబుతున్నారు. డేటాను దీర్ఘకాలం భద్రపరచడానికి తగిన రూపాల్లో అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం దానినీ చేర్చింది. ఉబుంటూలో ఎస్‌క్యూలైట్3 ప్యాకేజీని ఒక్క కమాండుతో తెచ్చుకుని ఫైలును తెరవగా, కుటుంబాలు, ప్రజాతులు, జాతులు, అక్సెషన్లు, మొక్కలు, మడులు పట్టికలు పట్టికలుగా, ఎక్కడివి అక్కడే కనబడ్డాయి. వాటిని కామాలతో విడదీసిన మామూలు పాఠమైన సీఎస్‌వీ ఫైళ్లుగా మార్చి, ఒక ప్రతి ముద్రించి, బైండు చేయించి, రిజిస్టరు పక్కన పెట్టాము. ఇక మీదట నమోదుకు ఘినిని కొత్త పైథాన్‌కు తరలించిన రూపం వాడదలిచాము. ఏడాదికొకసారి సీఎస్‌వీ తీయాలన్న నియమాన్ని రిజిస్టరు మొదటి పేజీలోనే రాశాము.

కాబట్టి, వర్చువల్ మెషీన్‌లో తమరికి వేసిన పీట తీసేస్తున్నాము. తమరు రానక్కరలేదు. దారిలో ఉంటే తిరిగి వెళ్లగలరు. తమ్ముడు గారికి కూడా ఏదో ఒక నాటికి ముహూర్తం పెడతారు గదా, అప్పుడు మాత్రం గడువు దాటాక సంచికలు విడుదల చేయవద్దని ఆయనకు తమరి మాటగా చెప్పవలసినదిగా ప్రార్థన.

ఇట్లు,
తోట రిజిస్టరు రాసే ఉద్యోగి