పానగల్ నీడ గారికి ఒక ఎండదెబ్బ మనిషి విన్నపం

మహారాజశ్రీ పానగల్ ఛాయా సోమేశ్వరాలయపు నీడ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమమని రాద్దామంటే నల్లగొండ ఎండ ఒప్పుకోవడం లేదు. ఈ ఊరిని పూర్వం నీలగిరి అనేవారు. ఆ పేరు నమ్మి స్వెట్టరు తెచ్చుకునే అమాయకుడు ఎవరైనా మే నెలలో బస్సు దిగితే బాగుండునని నాకు చాలాకాలంగా కోరిక.

మా వీధి చివరి వేపచెట్టు రోడ్డు వెడల్పులో పోయింది. బదులుగా డివైడరు మధ్య మోకాలెత్తు మొక్కలు నాటారు. వాటి నీడన కూర్చోవాలంటే చీమగా పుట్టాలి. ప్రస్తుతం మాకు దిక్కు ఫ్లెక్సీలే. ఏ నాయకుడి పుట్టినరోజు వచ్చినా ఆయన బుగ్గ కింద నలుగురం సర్దుకుంటాం. వేడుక ముగియగానే దాన్ని విప్పేస్తారు కాబట్టి, ఊళ్లో అందరి జన్మదినాలూ మాకు కంఠస్థం.

పార్కు లేదా అంటారేమో. ఉంది. పొద్దున ఎండ రాకముందు తీసి, ఎండ రాగానే తాళం వేస్తారు. మళ్లీ ఎండ పోయాక తీస్తారు. మిట్టమధ్యాహ్నం వెళ్లి గేటు పట్టుకుని నిలబడ్డాను. కాపలాదారు నన్ను జాలిగా చూసి, "ఇంత ఎండలో పార్కుకు ఎవరైనా వస్తారా సార్?" అన్నాడు. లోపల చెట్ల కింద సిమెంటు జింకలు హాయిగా నిలబడి ఉన్నాయి.

అందుకే ఊరి అంచుకు, తమ దగ్గరికి వచ్చాను. కందూరు చోడులు ఏలిన రోజుల్లో పానగల్ రాజధాని, ఇప్పుడు ఆటోవాళ్లకు చివరి స్టాపు. మూడు గర్భగుడుల త్రికూటాలయంలో తమరు మాత్రం పగలంతా లింగం వెనుక కదలకుండా నిలబడ్డారు. తమరు ఏ స్తంభం నీడ అని వేలుపెట్టి చూపబోతే దొరకరు. వెలుతురు లోపలికి చెదిరి వచ్చి, పలు స్తంభాల నీడలు ఒకే చోట కలిసేలా శిల్పులు లెక్కకట్టి నిలిపారు. కమిటీ వేసి ఉంటే తమరు ఇంకా ప్రతిపాదన దశలోనే ఉండేవారు.

తమరికి జరుగుతున్న అవమానం కూడా చూశాను. ఒక యువకుడు "నీడ సరిగా కనబడటం లేదు" అంటూ ఫోను లైటు వేశాడు. తమరు మాయమయ్యారు. "ఏదీ? అంతా వట్టిదే!" అని వెళ్లి, తన కారుకు నీడ లేదని బయట అరగంట గొడవపడ్డాడు. పచ్చల సోమేశ్వరాలయంలో అతన్నే మళ్లీ చూశాను. అక్కడ గోడల మీద రామాయణ, భారత కథలు చెక్కి ఉంటే, అతను పచ్చలు ఎక్కడున్నాయని అడుగుతున్నాడు. పక్కనే మ్యూజియం ఉంది. శిల్పాలకు మాత్రం పరమ ప్రశాంతత, ఎవరూ రారు.

సాయంత్రం ఉదయసముద్రం కట్ట మీద కూర్చున్నాను. ఆ చోడులు తవ్వించిన చెరువే, ఇప్పుడు కృష్ణానీటిని నిల్వచేస్తోంది. గంటసేపు హారన్ వినబడలేదు. నా చెవులు పనిచేస్తున్నాయా అని చిటికె వేసి చూసుకున్నాను.

కాబట్టి విన్నపం ఏమంటే, తమలోంచి రెండు గజాల ముక్క గడియారం సెంటరు దగ్గర ఆటోల వరుసకు అప్పివ్వండి. తమరికి వేర్లు లేవు కాబట్టి రోడ్డు వెడల్పువాళ్లు ఏమీ చేయలేరు.

ఇట్లు,
తమ నీడన ఒక పూట బతికిన విధేయుడు

తా.క.: వచ్చే ఆదివారం మా బావమరిదిని తీసుకొస్తున్నాను. కొత్త ఫోను కొన్నాడు. లైటు బాగా ఎక్కువట. ముందే క్షమాపణలు.