ఎండాకు తెగులుకు గట్లు అడ్డం కావు

సార్వా (ఖరీఫ్) వరి చిరుపొట్ట దశలో, అంటే లోపల వెన్ను ఏర్పడే వేళ, నాలుగు రోజులు ముసురు పట్టి వదిలితే చాలు, గోదావరి డెల్టాలో చేల రంగు మారిపోతుంది. ఆకు కొన నుంచి అంచుల వెంట అలలు అలలుగా పసుపు దిగుతుంది. రైతు మందుల దుకాణానికి పరుగెడతాడు. అక్కడ తరచుగా చేతికొచ్చేది శిలీంద్రాలను చంపే మందు. కానీ ఈ పసుపు జాంథోమోనాస్ అనే బ్యాక్టీరియా తెచ్చే ఎండాకు తెగులు, శిలీంద్రాల మందుకు లొంగదు. డబ్బు పోతుంది, తెగులు చేలోనే ఉంటుంది. కొందరు స్ట్రెప్టోమైసిన్ కలిసిన మందులు కొడతారు. క్షయ రోగులకు ఇచ్చే మందును చేల మీద చల్లడం నాకు భయం కలిగిస్తుంది.

తెగులును గుర్తు పట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పచ్చదనం, పసుపు కలిసే చోట ఆకును కోసి, గాజు గ్లాసులోని తేటనీళ్లలో ఆ అంచు మునిగేలా పెట్టాలి. కాసేపటికి అంచు నుంచి పాలచార లాంటి మసక ద్రవం కిందికి జారుతుంది. ఆ చారంతా బ్యాక్టీరియాయే. తెల్లవారుజామున ఆకుల మీద అదే బొట్లుగా కనిపించి, ఎండ పడ్డాక పసుపు పూసల్లా గట్టిపడుతుంది. వాన ఆ పూసలను కడిగి మడి నీళ్లలో కలిపేస్తుంది.

అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. డెల్టాలో ప్రతి మడికీ విడిగా బోదె, అంటే నీరు పారే చిన్న కాలువ, ఉండదు. చాలాచోట్ల పై చేను నీరే గట్టు దాటి కింది చేనుకు పారుతుంది, తెగులూ ఆ దారినే దిగుతుంది. మన సలహాలు మాత్రం ఒంటరి రైతుకే: నీరు తీసేయండి, యూరియా ఆపండి అని. రెండూ సరైనవే. కానీ తీసిన నీరు ఎక్కడికి పోవాలి? మురుగు కాలువ గుర్రపుడెక్కతో నిండి ఉంటే పక్క చేలోకే. పూడికతీతను నీటిపారుదల పనిగా మాత్రమే లెక్కేస్తున్నాం. నా దృష్టిలో అది సస్యరక్షణ కూడా.

యూరియా ఆపమంటే, అప్పు తెచ్చి సాగు చేసే కౌలు రైతుకు దిగుబడి తగ్గుతుందన్న బెంగ. ఆ బెంగ న్యాయమైనదే. అయితే తెగులు కనిపించిన చేలో వేసిన నత్రజని దాన్నే ఇంకా పెంచుతుంది.

విత్తనం సంగతి చూస్తే, 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి ఈ తెగులుకు తట్టుకోలేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి దానికి మూడు నిరోధక జన్యువులను సంకరం ద్వారా చేర్చాయి. ఆ మెరుగైన రకం 2008లో విడుదలైంది. మిల్లరు అడిగే రకాన్నే రైతు వేస్తాడు కాబట్టి, ఇలాంటి ధాన్యానికి కొనుగోలు భరోసా ఉండాలి.

ఊడ్పులకు ముందే ఒక బోదె కింది రైతులంతా కూర్చోవాలి. నారు కొనలు తుంచకూడదని, ఆ గాయాల గుండానే బ్యాక్టీరియా లోపలికి వెళ్తుందని కూలీలకు చెప్పాలి. పై చేలో మొదటి పసుపు ఆకు కనిపించిన రోజే కింది చేను రైతుకు ఫోను వెళ్లాలి.