సూపర్‌మేన్ మేడ దిగడం లేదు

మా మేనల్లుడు సూపర్‌మేన్‌కి మళ్లీ ప్రాణం పోస్తున్నాడు. ఆయన పోయాడన్న కబురు నాకు అందలేదు కాబట్టి మొదట కొంచెం కంగారు పడ్డాను. పోలేదట, పాతబడ్డాడట. ఆ మాత్రం దానికి సంజీవని కొండ మోసుకురానక్కర్లేదు, ఫోను చాలు. రాత్రి పదకొండింటికి ఆఫీసు కాల్స్ అన్నీ అయ్యాక మావాడు కొండాపూర్‌లో తన బాల్కనీలో కూర్చుని, ఒక రీడింగ్ యాప్‌లో సీరియల్‌గా ఈ జీర్ణోద్ధరణ నడిపిస్తున్నాడు. ఇప్పటికి 24 భాగాలు అయ్యాయి. సూపర్‌మేన్ ఇంకా మేడ దిగలేదు.

మేడ మీద వాన. ఒకటో భాగంలో పట్టిన వాన ఇరవై నాలుగో భాగం దాకా తెరిపివ్వలేదు. మా జిల్లాలో అయితే ఈపాటికి మూడు చెరువులు తెగేవి. ఆయన పిట్టగోడ మీద కూర్చుని, తడిసి ముద్దయిన ఎర్రగుడ్డ భుజాల చుట్టూ లాక్కుని, "నేనెవరిని?" అనుకుంటూ ఉంటాడు. ఛాతీ మీద అంత పెద్ద అక్షరం రాసి ఉండగా ఆ అనుమానం ఎందుకొచ్చిందో రచయితకే తెలియాలి.

"పాత సూపర్‌మేన్ రిలేటబుల్ కాదు మామా" అన్నాడు వాడు. "మరీ మంచోడు. ఈ జనరేషన్ రీడర్స్ కనెక్ట్ అవ్వరు. లోపల ఒక గాయం ఉండాలి."

తుపాకీ గుండు తగిలినా తోలు గీసుకుపోని మనిషికి గాయం పెట్టడం మాటలు కాదు. అందుకే కాబోలు లోపల పెడుతున్నారు. మావాడొక్కడే కాదు, ఆ యాప్‌లో ఇలాంటి వైద్యులు చాలామందే ఉన్నారు. ఒకరి చేతిలో ఆయనకి నిద్ర పట్టదు. ఒకరి చేతిలో తాగుతాడు. ఒకరి చేతిలో పెళ్లాం వదిలేసి వెళ్లిపోయింది. ఇంకొకరి చేతిలో ఏకంగా ఆయనే ఊళ్లకు ఊళ్లు తగలబెడతాడు, దానికి డార్క్ వెర్షన్ అని పేరు. మందులు వేరు గానీ అందరూ చెప్పే జబ్బు ఒకటే. అంత బలం ఉన్నవాడు ఊరికే నలుగురికీ సాయం చేస్తున్నాడంటే వాడి బుర్రలో ఏదో తేడా ఉండే ఉంటుంది.

ఫ్యాన్ ఫిక్షన్ అంటే, అదే, ఒకరి పాత్రలతో అభిమానులు అల్లుకునే కథలంటే నాకు చిన్నచూపనుకునేరు. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. ఆ పిల్లని, ఆ పెళ్లిని, ఘటోత్కచుడి గడబిడని మనవాళ్లు కల్పించుకుని నాటకాలాడారు, సినిమాలు తీశారు. వ్యాసుడొచ్చి కేసు వేయలేదు.

సూపర్‌మేన్ పుట్టిందీ అలాంటి చోటే. అమెరికాలో క్లీవ్‌లాండ్ అనే ఊళ్లో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అని ఇద్దరు కుర్రాళ్లు, సైన్స్ ఫిక్షన్ పిచ్చోళ్లు. 1933లో, ఇంకా హైస్కూలు కూడా దాటకముందు, వాళ్లే సైక్లోస్టైల్ చేసుకున్న చిన్న పత్రికలో సూపర్‌మేన్ పేరుతో ఒక కథ వేశారు. అందులో వాడు విలన్. బట్టతల కూడా. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఉచిత రొట్టె కోసం వరసలో నిలబడ్డ ఒక దిక్కులేనివాణ్ణి ఓ ప్రొఫెసరు ఆశపెట్టి తీసుకుపోయి, వాడి మీద ప్రయోగం చేస్తే అలా తయారవుతాడు. అంటే డార్క్ వెర్షన్ అనేది మా అల్లుడి బ్యాచ్ నిన్న కనిపెట్టిందేమీ కాదు. సృష్టించినవాళ్లే ముందు అది రాసి చూసుకుని, పనికిరాదని పక్కన పడేసి, ఆ తర్వాత మంచివాణ్ణి రాశారు. తొంభై ఏళ్ల కిందటి చిత్తుకాగితం ఏరుకొచ్చి వీళ్లు మోడర్న్ అంటున్నారు.

ఆ మంచివాడు 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో దిగాడు. పది సెంట్ల బొమ్మల కథల పుస్తకం, అందులో ఆయన వంతు 13 పేజీలు. ఆ పేజీల్లో ఏముందో నాకు తెలిసిందీ మావాడి పుణ్యమే. పోయిన పుట్టినరోజుకి ఆ పాత కథల సంపుటం వాడే కొనిచ్చాడు. తను తెరిచి చూసినట్టు లేదు. చేయని హత్యకి మరణశిక్ష పడ్డ ఒకామెని ఆఖరి నిమిషంలో కాపాడటానికి సూపర్‌మేన్ గవర్నరు ఇంట్లో ఇనుప తలుపు పీకి లోపలికెళ్తాడు. పెళ్లాన్ని కొడుతున్న మొగుణ్ణి గోడకేసి కొడతాడు. తోటి విలేకరి లోయిస్‌ని ఎత్తుకుపోతున్న రౌడీలని కారులోంచి చింతకాయలు రాల్చినట్టు దులుపుతాడు. చివర్న వాషింగ్టన్ వెళ్లి, సెనేటరుతో చీకటి బేరాలాడే ఒక పైరవీకారుణ్ణి పట్టుకుని తీగల మీద పరుగు పెడతాడు. ఇదంతా 13 పేజీలు. మావాడికి అన్ని పేజీలు పిట్టగోడ వర్ణనకే చాలవు.

ఇంకో సంగతి, అప్పటికి ఆయనకి ఎగరడం కూడా రాదు. గెంతడమే. గెంతుకి మైలులో ఎనిమిదో వంతు.

రెండో సంచికలో ఆయుధాలమ్ముకునే ఒక పెద్దమనిషి చేత బలవంతంగా సైన్యంలో పేరు రాయించి, తన సరుకు పేలే చోటికే తీసుకెళ్తాడు. అదీ మంచి కథే. కానీ నా గొడవంతా మూడోదానితో.

మూడో సంచికలో ఒక బొగ్గుగని. కప్పు కూలి ఒక కార్మికుడు లోపల ఇరుక్కుపోతాడు. సూపర్‌మేన్ గని కూలీ వేషంలో దిగి బయటికి తెస్తాడు గానీ ఆ మనిషికి ఇక పనిచేసే ఒళ్లు మిగలదు. లోపల భద్రత లేదని ముందే చెప్పారు, ఎవరూ వినలేదు. మామూలు వేళల్లో సూపర్‌మేన్ వేషం విలేకరి, అలా వెళ్లి యజమానిని అడిగితే, నేను వ్యాపారం చేస్తున్నాను, ధర్మసత్రం నడపడం లేదు అన్న ధోరణిలో మాట్లాడతాడు. అప్పుడు మన మనిషి మళ్లీ కూలీ వేషం కట్టి, ఆ యజమాని ఇంట్లో విందు జరుగుతుంటే జొరబడతాడు. తాగిన ఉత్సాహంలో యజమాని, పదండి విందు గనిలో చేసుకుందాం అంటాడు. సూటులు, పట్టుగౌన్లు, నగలతో అందరూ కిందికి దిగుతారు. సూపర్‌మేన్ ఆ దారి కూల్చేస్తాడు.

అంతే. ఉపన్యాసం లేదు. ప్రమాద సూచన మోగిద్దామంటే అది తుప్పు పట్టి ఉంది. పారలు ఉన్నాయి, తవ్వుకోండి. యజమాని తవ్వుతాడు. చేతులు బొబ్బలెక్కుతాయి, నడుము విరుగుతుంది, ఊపిరాడదు. అప్పుడు తెలుస్తుంది కింద పనెలా ఉంటుందో. ఆ తర్వాతే దారి తెరుస్తాడు. ఇక నా గని దేశంలోకెల్లా భద్రమైన గని అవుతుందని యజమాని మాటిస్తాడు. కథ సమాప్తం.

దీన్నే మా అల్లుడు ఆధునిక పాఠకుల కోసం తిరగరాస్తున్నాడు. తొమ్మిదో భాగంలో గని కూలింది, లోపల పద్నాలుగు మంది. పదో భాగంలో సూపర్‌మేన్‌కి మేడ మీదికి వాళ్ల అరుపులు వినపడ్డాయి. భేష్, ఇక లేస్తాడు అనుకున్నాను. పదకొండో భాగంలో ఆ అరుపులు ఆయనకి పేలిపోయిన తన సొంత గ్రహాన్ని గుర్తు చేశాయి. పన్నెండులో గ్రహం. పదమూడులో గ్రహం. పద్నాలుగులో యజమాని మేడెక్కి వచ్చాడు, గొడుగుతో. సూపర్‌మేన్ ఆయన కాలర్ పట్టుకోబోయి, కళ్లల్లోకి చూసి ఆగిపోయాడు. ఎందుకంటే యజమాని లోపల కూడా గాయం ఉంది!

పదిహేనో భాగం నుంచి యజమాని బాల్యం. ఆయనకి ఆరేళ్లప్పుడు ఒక చెక్కగుర్రం ఉండేది. తండ్రి కఠినుడు, దాన్ని పొయ్యిలో పెట్టాడు. ఆనాటి నుంచి ఆయన ఎవరినీ నమ్మలేకపోతున్నాడు. పదహారులో ఆ గుర్రం పేరు. పదిహేడులో గుర్రం కాలిపోతున్నప్పుడు వచ్చిన వాసన. పద్దెనిమిదిలో, లోపల గాలి తగ్గిపోతోంది అని ఒక్క వాక్యం పడింది, మర్చిపోలేదని చెప్పడానికి. పంతొమ్మిదిలో ఇద్దరూ ఒకే గొడుగు కింద కూర్చున్నారు. "నీకు గ్రహం పోయింది, నాకు గుర్రం పోయింది" అన్నాడు యజమాని. సూపర్‌మేన్ కళ్లు చెమర్చాయి. ఈ భాగానికి వచ్చినన్ని హార్టులు ఇంకే భాగానికీ రాలేదట. ఒక పాఠకురాలు, ఓనర్‌కి సపరేట్ సిరీస్ కావాలి ప్లీజ్ అని రాసింది. ఇరవై నుంచి ఇరవై నాలుగు దాకా మౌనం. మౌనానికి ఐదు భాగాలు పట్టింది, మాటలకి కూడా అంత పట్టలేదు.

నేను నవ్వుతూనే చదివాను. పంతొమ్మిదో భాగం దాకా.

మాది బొగ్గుబాయిల ఊరు. మా నాయన ముప్ఫై ఒక్క ఏళ్లు బాయి దిగాడు. షిఫ్టు వేళకి సైరన్ మోగితే మా ఊళ్లో ఎవరూ తలెత్తి చూడరు. వేళ కాని వేళ మోగితే మాత్రం ఆడవాళ్లు ఏ పనిలో ఉన్నా దాన్ని అక్కడే వదిలేస్తారు. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక రాత్రి అలా మోగింది. మా అమ్మ చంటిదాన్ని చంకనేసుకుని తలుపైనా వేయకుండా పరుగెత్తింది. తెల్లారి మేం ఇంటికొచ్చేసరికి ఎవరిదో మేక లోపల దూరి బియ్యం తినేసి పోయింది. నాయన నడిచొచ్చాడు. పక్క క్వార్టరాయనని మోసుకొచ్చారు. కప్పు పగులిచ్చిందని మూడు రోజులుగా చెబుతూనే ఉన్నారు. ఆనించడానికి కర్రలు ఇంకా రాలేదన్నారు. కాగితం మీద మాత్రం మృతుడి అజాగ్రత్త అని రాశారు. పోయినవాడు లేచొచ్చి కాదనడు కదా.

ఒరేయ్ అబ్బాయ్, ఆ కర్రలు తెప్పించనివాడు చిన్నప్పుడు దేనికోసం ఏడ్చాడో నాకెందుకురా? వాడి చెక్కగుర్రం కాలిపోతే కాలిపోయింది, కప్పుకి పెట్టాల్సిన చెక్క ఏది? పక్కింటాయనకి మాత్రం బాల్యం లేదా? నీ పద్నాలుగు మందిలో ఒక్కడికైనా పేరు పెట్టావా? గుర్రానికి పెట్టావు. క్లీవ్‌లాండ్‌లో ఇద్దరు పేదింటి పిల్లలు దాదాపు తొంభై ఏళ్ల కిందట ఆ పారని యజమాని చేతికిచ్చారు, సిగ్గులేకుండా నువ్వు దాన్ని వాడి చేతిలోంచి తీసుకుని గొడుగిచ్చావు. రిలేటబుల్ అట. ఎవరికిరా రిలేటబుల్?

మన్నించాలి. వ్యాసం గాడి తప్పింది.

వాణ్ణి ఫోనులో అడిగాను, పోనీ ఆ పద్నాలుగు మందినీ ఓ భాగంలో బయటికి లాగెయ్యకూడదా అని. లాగేస్తే కథ అయిపోతుందన్నాడు. పాఠకుడు ఎన్ని నిమిషాలు చదివితే అంత లెక్క. వాళ్లు లోపల ఉన్నంతసేపే జనం తర్వాతి భాగానికి కాయిన్లు కట్టి తాళం తీయించుకుంటారు. అంటే కూలీలు బయటికొస్తే రాబడి ఆగిపోతుందన్నమాట. వీడికి గని యజమాని అంత బాగా ఎందుకు అర్థమయ్యాడో అప్పుడు తెలిసింది.

ఇంతా చేసి వాడికి ఇప్పటిదాకా వచ్చింది నాలుగొందల పన్నెండు రూపాయలు. ఈ ఒక్క విషయంలో మాత్రం సంప్రదాయం నిలబెట్టాడు. సీగెల్, షుస్టర్‌లకి సూపర్‌మేన్ మీద సర్వహక్కులూ రాసిచ్చినందుకు ముట్టింది 130 డాలర్లు, అదీ ఇద్దరికీ కలిపి. తర్వాత ఆ హక్కులు కొన్న కంపెనీ మీద కోర్టుకెక్కితే ఉన్న పనీ పోయింది. షుస్టర్‌కి చూపు దాదాపు పోయాక, 1975లో, పెద్ద సినిమా తీయబోతూ పరువు పోతుందేమోనని కంపెనీ ఇద్దరికీ ఏడాదికి చెరో 20,000 డాలర్ల పింఛను ఇచ్చి, పేర్లు వేయడానికి ఒప్పుకుంది. ఆ 130 డాలర్లు చేరిన చెక్కు కాగితాన్ని 2012లో వేలం వేస్తే 1,60,000 డాలర్లు పలికింది. సర్వహక్కులూ అమ్మితే వచ్చినదాని కన్నా ఆ డబ్బు చేరిన కాగితం ఎక్కువ సంపాదించింది.

మావాడి ఆశంతా 2034 మీద ఉంది. అమెరికా చట్టం ప్రకారం 1938 నాటి సూపర్‌మేన్ మీద కాపీహక్కు ఆ ఏడాది జనవరి 1న తీరిపోతుంది. అప్పుడు దీన్ని పుస్తకంగా వేసి అమ్ముకోవచ్చట. పిల్లల కథల్లోని ఎలుగుబంటి విన్నీ ద పూకి 2022లో అలాగే విముక్తి దొరికితే, మరుసటి ఏడాదికల్లా దాని చేత జనాన్ని నరికించి సినిమా తీశారు. కాబట్టి వాడి ధీమాలో తప్పు లేదు. ఒక్కటే చిక్కు. ఆరోజు విడుదలయ్యేది 1938 మనిషి మాత్రమే. ఎగరడం రానివాడు, మేడ మీద కూర్చునే అలవాటు లేనివాడు, గని యజమానికి పార ఇచ్చినవాడు. తర్వాత వచ్చిన హంగులన్నీ ఇంకా కొన్నేళ్లు కంపెనీ దగ్గరే ఉంటాయి. ఈ మాట చెబితే వాడు కాసేపు మాట్లాడలేదు. ఆ మౌనం కూడా ఏ భాగంలోనో వస్తుంది, చూస్తూ ఉండండి.

బతుకమ్మ పండక్కి ఇంటికొచ్చాడు. మా నాయనకి ఇప్పుడు ఎనభై మూడు, కళ్లు సరిగా ఆనవు, ఎవరైనా చదివితే వింటాడు. మనవడు బొగ్గుబాయి కథ రాశాడని ఎవరో చెప్పారు, చదవమన్నాడు. వాడు మంచం పక్కన కూర్చుని తొమ్మిదో భాగం నుంచి మొదలుపెట్టాడు. వాన, గ్రహం, గొడుగు, గుర్రం. నాయన కళ్లు మూసుకుని అంతా విన్నాడు. నిద్రపోయాడేమోనని వాడు ఫోను పక్కన పెట్టాడు.

"ఇంతకూ లోపలున్నోళ్లు బయటికొచ్చిండ్రారా?" అన్నాడు నాయన.

"ఇంకా లేదు తాతా. అది సీజన్ టూలో వస్తది."

నాయన కళ్లు తెరిచాడు.

"సీజన్ అంటే ఎన్ని షిఫ్టులు?"