స్పానిష్ విశేషణాలకు చరిత్ర చెప్పని పాఠం ఎందుకు?

స్పానిష్ మొదలుపెట్టిన తెలుగువాళ్ళకు తొలి తలనొప్పి విశేషణాలే. మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పుస్తకాలు అంటాం. మన 'మంచి' ఎక్కడా మారదు. స్పానిష్‌లో మాత్రం పక్కనున్న నామవాచకాన్ని బట్టి అది బ్వేనో, బ్వేనా, బ్వేనోస్, బ్వేనాస్ అవుతుంది. సరే అనుకుని నాలుగూ బట్టీ పట్టేలోపు 'గ్రాందే' వస్తుంది. పెద్ద మనిషికీ గ్రాందేనే, పెద్ద ఇంటికీ గ్రాందేనే, లింగంతో పనే లేదు. ఎందుకని అడిగితే 'అది అంతే, గుర్తుపెట్టుకోండి' అంటారు. స్పానిష్ బోధనలో నాకు అస్సలు మింగుడుపడనిది ఈ జవాబే.

ఎందుకంటే అసలు జవాబు ఉంది. రోమన్లు ఐబీరియాకు, అంటే నేటి స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ప్రాంతానికి, తెచ్చిన లాటిన్‌లోనే విశేషణాలు రెండు జట్లు. ఒక జట్టుకు లింగాన్ని బట్టి రూపం మారుతుంది: బోనుస్, బోనా, బోనుమ్. రెండో జట్టులోని గ్రాందిస్ (పెద్ద), త్రిస్తిస్ (దిగులైన), ఫోర్తిస్ (బలమైన), విరిదిస్ (పచ్చని) లాంటి వాటికి పుంలింగమైనా స్త్రీలింగమైనా ఒకటే రూపం. మొదటి జట్టు నుంచి బ్వేనో, బ్వేనా వచ్చాయి. రెండో జట్టు నుంచి గ్రాందే, త్రిస్తే, ఫ్వేర్తే, బెర్దే వచ్చాయి. బహువచనంలోని 'స్' కూడా లాటిన్ ద్వితీయా విభక్తి నుంచి మిగిలిందే. బోనోస్, బోనాస్ అన్నవే బ్వేనోస్, బ్వేనాస్ అయ్యాయి. ఇంత చెప్పడానికి పావుగంట చాలు. ఆ పావుగంటతో వందల మాటలు రెండు గూళ్ళలో సర్దుకుంటాయి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టి లాగేది ఒక కొండమేక. స్పెయిన్ కొండల్లో తిరిగే అడవి మేకను 'కాబ్రా మోంతేస్' అంటారు. కాబ్రా స్త్రీలింగం. ఫ్రెంచ్ అబ్బాయి ఫ్రాన్సేస్, అమ్మాయి ఫ్రాన్సేసా, ఇంగ్లీషు అబ్బాయి ఇంగ్లేస్, అమ్మాయి ఇంగ్లేసా అయినప్పుడు ఈ మేక 'మోంతేసా' కావాలి కదా? కాదు. ఈ మాటల చివరనున్న 'ఏస్' లాటిన్ 'ఎన్సిస్' నుంచి వచ్చింది, అంటే లింగం పట్టని రెండో జట్టుదే. మధ్యయుగాల్లో ఇలాంటి మాటలు స్త్రీలింగం పక్కన కూడా మారకుండానే ఉండేవి. తర్వాత జనం బ్వేనా వరసలో వాటికీ 'ఆ' తగిలించారు. దేశాల పేర్లతో వచ్చినవన్నీ లొంగిపోయాయి. మోంతేస్ లొంగలేదు. మర్యాదస్తుడనే అర్థమున్న 'కోర్తేస్' కూడా లొంగలేదు, ఆడమనిషైనా కోర్తేసే. పాఠ్యపుస్తకం వీటిని మినహాయింపుల పెట్టెలో పడేస్తుంది. నిజానికి పాత రూలును నిలబెట్టుకున్నవి ఇవే, కొత్త దారి పట్టినవి మిగతావి.

నామవాచకానికి ముందు వచ్చినప్పుడు కురచబడే రూపాలదీ ఇదే కథ. మంచి పుస్తకం 'బ్వేన్ లీబ్రో', మంచి ఇల్లు మాత్రం 'బ్వేనా కాసా'. నొక్కి పలకడం పక్క మాట మీదికి జారినప్పుడు చివరనున్న ఓ, ఏ లాంటి బలహీన అచ్చులు రాలిపోయాయి, 'ఆ' గట్టిది కాబట్టి నిలిచింది. గ్రాందేకు చివర 'ఆ' ఎప్పుడూ లేదు. అందుకే గొప్ప మగవాడికైనా గొప్ప స్త్రీకైనా 'గ్రాన్' ఒక్కటే.

ఉద్యోగం కోసమో ప్రయాణం కోసమో నేర్చుకునేవాళ్ళకు లాటిన్ ఎందుకు, మెక్సికోలో పిల్లలు లాటిన్ చదివి మాట్లాడుతున్నారా అని అడిగేవాళ్ళున్నారు. ఆ పిల్లలు పుట్టినప్పటి నుంచి రోజంతా ఆ భాషలోనే మునిగి ఉంటారు. హైదరాబాద్‌లో వారానికి మూడు క్లాసులకు వెళ్ళేవాళ్ళకు ఆ అవకాశం లేదు. చెవి చేయలేని పనిని కారణమే చేయాలి. 1492లో స్పెయిన్‌లోని సలమాంకాలో తొలి కాస్టిలియన్ (అంటే స్పానిష్) వ్యాకరణం అచ్చువేయించిన నెబ్రిహా స్వయంగా లాటిన్ పండితుడు. కాస్టిలియన్ వ్యాకరణం బాగా పట్టుబడితే లాటిన్ తేలికవుతుందని ఆయన రాశాడు. ఆ దారిలో ఇటు నుంచి అటే నడవాలా, అటు నుంచి ఇటు రాకూడదా?

ఇది స్పానిష్‌కే పరిమితమైన జబ్బయితే ఇంత బాధపడేవాణ్ణి కాదు. మన తెలుగునూ ఇలాగే చెబుతున్నాం. అమెరికాలో పుట్టిన తెలుగు పిల్ల 'చెయ్యి'కి బహువచనం 'చెయ్యిలు' అంటే నవ్వి, 'చేతులు' అని దిద్దుతాం, ఎందుకో చెప్పం. గొయ్యి–గోతులు, నుయ్యి–నూతులు పక్కన పెట్టి చూపిస్తే చాలు. మూడింటిలోనూ 'తి' చేరిన చేతి, గోతి, నూతి రూపాల మీదే బహువచనం కట్టారని పదేళ్ళ పిల్ల తనంతట తనే కనిపెడుతుంది. మన బడుల్లో సంధి పేరు రాస్తే ఒక మార్కు, సమాసం పేరు రాస్తే ఒక మార్కు. ఈ మూడు మాటలను పక్కపక్కన రాసి, ఏం కనిపిస్తోందని పిల్లల్ని అడిగే ప్రశ్న మాత్రం ఏ పరీక్షలోనూ ఉండదు.